మే మొదటివారంలో కాన్పు: తెనాలిలో ఒక గది, హైదరాబాద్‌లో ఒక గది. ఏది ఎప్పుడు సిద్ధం చేసుకోవాలి?

మల్లెపందిరి

అందరికీ నమస్కారం. నాకిప్పుడు 26వ వారం. డాక్టరుగారు ఇచ్చిన తేదీ మే 5. మేముండేది హైదరాబాద్ మియాపూర్‌లో, రెండు పడకగదుల ఫ్లాట్, ఆఖరి అంతస్తు. బిల్డింగ్ 2009లో కట్టింది. అందులో చిన్న గదిని బిడ్డ గదిగా మార్చాలనుకుంటున్నాం. 10 అడుగులకు 11, ఎత్తు తొమ్మిదిన్నర. ఒక గోడ పడమటి వైపు బయటి గోడ, కిటికీ కింద పెయింట్ పొక్కులు వచ్చి రాలుతోంది. ఇంకో గోడకు అవతల బాత్రూమ్.

అనుకున్న పనులు: పాత పెయింట్ గీకించి కొత్త రంగు వేయించడం, పడమటి గోడకు బొమ్మల వాల్‌పేపర్, ప్లైవుడ్‌తో నిలువెత్తు కప్‌బోర్డు, ఉయ్యాలకు పైన కొక్కెం. వచ్చే వారమే మేస్త్రీని పిలుద్దామంటున్నారు మావారు.

సీమంతం అయ్యాక ఏప్రిల్ మొదటివారంలో తెనాలి, అమ్మావాళ్ళింటికి వెళ్తాను. కాన్పు అక్కడే. ఆగస్టులో తిరిగి వస్తాం. పనులు ఏ వరుసలో చేయించాలి? తెనాలిలో గదికి ఏమేం కావాలి? ఖర్చు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానుకోవాలో కూడా చెప్పండి.

గోడసంగతి

అమ్మా, ముందు ఒక్క మాట. వచ్చే వారం మేస్త్రీని పిలవొద్దు. మీరు ఆ ఇంట్లో ఉండగా గీకుడు పని పెట్టొద్దు. బిడ్డ ఆ గదిలోకి వచ్చేది ఆగస్టులో. మీరు తెనాలి వెళ్ళాక ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు చేతిలో ఉన్నాయి. ఈ పనులకు ఏడాదిలో అంతకన్నా మంచి కాలం లేదు. ఎండకి గోడ ఆరుతుంది, కిటికీలు రాత్రింబగళ్ళు తీసి పెట్టొచ్చు, పెయింటు, జిగురు వాసనలు వానలు పడేలోపు చాలావరకు పోతాయి.

గీకుడు గురించి ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ బిల్డింగ్ 2009ది. గోడకి వేసే ఎమల్షన్ (నీటితో కలిపే రంగు) కన్నా తలుపులకు, కిటికీ గ్రిల్లుకు వేసిన ఆయిల్ ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడి శాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. గర్భిణి ఒంట్లోకి చేరిన సీసం బిడ్డకూ చేరుతుంది. కాబట్టి గీకే ముందు ఉపరితలం తడిపి తడి శాండ్‌పేపర్ వాడమనండి, గది గుమ్మానికి ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించమనండి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో రెండుమూడు సార్లు తుడిపించండి. పుట్టీ రుద్దేటప్పుడు వచ్చే తెల్లదుమ్ముకీ ఇదే జాగ్రత్త.

ఇప్పుడు అసలు జబ్బు చూద్దాం. కిటికీ కింద పొక్కులంటే అది పెయింట్ లోపం కాదు, లోపల చెమ్మ ఉంది. చెమ్మ ఎటు నుంచి వస్తోందో తేల్చకుండా పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే వచ్చే ఆగస్టుకి మళ్ళీ పొక్కుతుంది, సరిగ్గా బిడ్డ వచ్చే వేళకి. అడుగు చదరం పాలిథీన్ ముక్క తీసుకుని గోడకి నాలుగు పక్కలా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలోదే. గది వైపు కనిపిస్తే గాలిలో తేమ ఎక్కువని అర్థం. ఈ పరీక్షకి దుమ్ము లేదు, ఇవాళే చేసుకోవచ్చు. బాత్రూమ్ గోడకి కూడా ఒకటి అంటించండి. అక్కడ చెమ్మ తేలితే ఆ బాత్రూమ్ మూడునాలుగు రోజులు వాడకుండా ఆపి చూడండి. మచ్చ ఆరడం మొదలైతే టైల్స్ సందుల నుంచి గానీ నేల నుంచి గానీ నీరు దిగుతోంది. ఆరకపోతే గోడలో దాచిన పైపు జాయింటును అనుమానించాలి, ప్లంబరుతో ప్రెషర్ టెస్టు చేయించండి.

పడమటి గోడకు మందు బయటి నుంచే వేయాలి. కిటికీ పైన సన్‌షేడ్ గోడను కలిసేచోట, కిటికీ ఫ్రేము చుట్టూ, టెర్రస్ పిట్టగోడ అడుగున పగుళ్ళు చూడమనండి. మీది ఆఖరి అంతస్తు కాబట్టి టెర్రస్ నీరు నిలవకుండా పోతోందో లేదో కూడా చూడాలి. బయట ఈ పగుళ్ళు పూడ్చడం మే నెలాఖరుకు అయిపోవాలి, జూన్‌లో వానలు మొదలైతే పని నిలవదు. లోపల ఉబ్బిన ప్లాస్టరు కొట్టేసి కొత్తది వేస్తే వారం రోజులు నీళ్ళు కొట్టాలి, ఆ తర్వాత దాదాపు నాలుగు వారాలు ఆరనివ్వాలి. ఈ ఆరడం దగ్గరే అందరూ తొందరపడతారు. పచ్చి ప్లాస్టరు మీద రంగు వేస్తే సిమెంటులోని క్షారం రంగుని తినేస్తుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది.

రంగు లెక్క ఇదీ: నాలుగు గోడల చుట్టుకొలత 42 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 360 చదరపు అడుగులు. పైకప్పు 110. మొత్తం 470. రెండు కోట్లకు లీటరు ఎమల్షన్ వంద చదరపు అడుగులకు అటూఇటూగా వస్తుంది, ఐదు లీటర్లు చాలు. డబ్బా మీద తక్కువ వీఓసీ (పెయింటు నుంచి గాలిలో కలిసే రసాయనాలు) అని, నీటితో కలిపేదని ఉన్నది తీసుకోండి. గోడకి మంచి ఎమల్షన్ కొని, తలుపులకు మాత్రం టర్పెంటైన్ కలిపే ఎనామెల్ కొట్టిస్తుంటారు. గదంతా వాసన కొట్టేది దానివల్లే. తలుపులకు కూడా నీటి ఎనామెల్ దొరుకుతుంది, అదే అడగండి.

వాల్‌పేపర్ పూర్తిగా మానండి. బయటి గోడకు వినైల్ వాల్‌పేపర్ అంటిస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి వెనక బూజు పడుతుంది, పైకి మాత్రం బొమ్మలే కనిపిస్తాయి. ఆ డబ్బు పగుళ్ళ మీద పెట్టండి.

కప్‌బోర్డు ఏప్రిల్‌లోనే చేయించేయండి. ప్లైవుడ్ ఈ1 గానీ ఈ0 గానీ రాసి ఉన్నది కొనండి, అంటే దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ తక్కువగా వస్తుంది. పైన సన్‌మైకా వేసి వెనక, అంచులు పచ్చిగా వదిలేస్తారు, వాసన అక్కడి నుంచే వస్తుంది. అన్ని వైపులా మూయించండి. తర్వాత తలుపులు, సొరుగులు తీసి పెట్టి ఎండకాలమంతా గాలాడనివ్వండి. నిలువెత్తు కప్‌బోర్డును పైన రెండు చోట్ల ఎల్ క్లాంపులతో గోడకి బిగించాలి. బిడ్డ నిలబడి సొరుగు పట్టుకుని లాగే రోజు ఏడాదిలోపే వస్తుంది. మీ గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులైతే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పట్టదు, ఆ బ్లాకులకు పనికొచ్చే ఫాస్టెనర్లు వేరే ఉంటాయి.

చెదల మందు కొట్టించాలన్న ఆలోచన ఉంటే ఈ ఏడాదికి వదిలేయండి. బొద్దింకలకు స్ప్రే వద్దు, మూలల్లో చుక్కలు పెట్టే జెల్ చాలు.

వార్డుసిస్టర్

మల్లెపందిరి గారూ, గోడల సంగతి పైన బాగా చెప్పారు. నేను తెనాలి గది గురించి చెప్తాను, ఎందుకంటే నిజంగా బిడ్డ మొదటి గది అదే. విడి గది అనేది మొదటి ఆరు నెలలు అవసరమే లేదు. బిడ్డ తల్లి గదిలోనే, తల్లి మంచానికి చేయి చాచే దూరంలో, కానీ తనదైన వేరే పడక మీద పడుకోవడం మంచిది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. ఆగస్టులో మియాపూర్ వచ్చాక కూడా ఆ చిన్న గదిలో మీ మంచమూ ఉండాలి, లేదా బిడ్డ పడక మీ గదిలో ఉండాలి. కప్‌బోర్డు కొలతలు ఇచ్చేముందే ఇది తేల్చుకోండి.

పడక గట్టిగా, సమంగా ఉండాలి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. బూరుగు దూది పరుపు పెద్దవాళ్ళకి హాయిగానే ఉంటుంది గానీ పసిబిడ్డ అందులో కుంగిపోతుంది, ముఖం పక్కకి తిరిగితే ముక్కు దూదిలో పూడుకుపోతుంది. చెక్క తొట్టి కొంటే కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. పరుపుకి, తొట్టి అంచుకి మధ్య రెండు వేళ్ళకన్నా ఎక్కువ పట్టకూడదు. పైన బిగుతుగా పరిచిన ఒక దుప్పటి, అంతే. దిండు, మెత్తటి బొమ్మలు, తొట్టి చుట్టూ కట్టే దూది పట్టీలు ఏవీ లోపల ఉండకూడదు. ఆ పట్టీలను అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారు, మన ఆన్‌లైన్ దుకాణాల్లో ఇప్పటికీ సెట్టులో కలిపి అమ్ముతున్నారు. సెట్టు కొన్నా వాటిని తీసి పక్కన పెట్టండి. నిద్రపుచ్చేది ఎప్పుడూ వెల్లకిలానే.

తెనాలి ఇంట్లో బాలింత గది అంటే కిటికీలు మూసి చీకటి చేసే అలవాటు ఉంటే అమ్మగారితో ఇప్పుడే మాట్లాడండి. మొదటి వారం రోజుల్లో కామెర్లు వస్తే పగటి వెలుతురులో చర్మం చూస్తేనే తెలుస్తుంది, పసుపు బల్బు వెలుగులో తెలియదు. ఉదయం ఒక కిటికీ తీసి ఉండాలి. బిడ్డని ఎండలో పడుకోబెట్టడం కామెర్లకి వైద్యం కాదు, అది వేరే సంగతి. అనుమానం వస్తే డాక్టరుకి చూపించాలి.

సాంబ్రాణి గురించి కూడా. తల స్నానం తర్వాత బిడ్డకి పొగ పట్టడం వద్దు. నిప్పుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూయడం మరీ ప్రమాదం, నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మీ జుట్టు ఆరబెట్టుకోవాలంటే వేరే గదిలో, తలుపులు తీసి, బిడ్డ పక్కన లేకుండా చేసుకోండి.

మే నెల తెనాలి అంటే ఉక్కపోత. ఏసీ పెట్టొచ్చు, భయపడక్కర్లేదు. 26, 27 డిగ్రీల దగ్గర ఉంచి, గాలి నేరుగా పడక మీదికి రాకుండా రెక్కలు పైకి తిప్పండి, ముందే ఫిల్టర్లు కడిగించండి. ఒక నూలు జుబ్బా, పైన పల్చటి గుడ్డ చాలు. పొట్ట వెచ్చగా ఉండి, పాదాలు కూడా గోరువెచ్చగా ఉంటే సరిపోయినట్టు. మెడ వెనక చెమట పడితే ఒక పొర తీసేయండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు. నెల తక్కువగా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా ఈ లెక్క మారుతుంది, ఆసుపత్రిలో చెప్పినట్టు చేయండి.

మీ సౌకర్యం కూడా గదిలో భాగమే. సిజేరియన్ అయితే నేల మీద నుంచి లేవడం, వంగడం కష్టం. మంచం ఎత్తు పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాలుంటే కాళ్ళు నేలకి ఆనుతాయి. పాలివ్వడానికి చేతులున్న కుర్చీ ఒకటి, ఒళ్ళో పెట్టుకోవడానికి గట్టి దిండు, పక్కనే చేతికందే ఎత్తులో మంచినీళ్ళ సీసా పెట్టుకునే బల్ల. అన్నీ 36వ వారానికల్లా, అంటే మీరు వెళ్ళేసరికే సిద్ధంగా ఉండాలి. కాన్పు తేదీ దాకా ఆగదు.

కరెంటుపని

రెండు ఇళ్ళకీ చెప్తున్నా. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) ఉందో లేదో చూడండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) ఉంటే చాలనుకుంటారు, అది వైరింగ్‌ని కాపాడుతుంది గానీ షాక్ కొట్టకుండా మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీయే. ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. పడకపోతే మార్పించాలి.

తెనాలి గదిలో ఫ్యాను, ఒక లైటు ఇన్వర్టర్ లైనులో ఉన్నాయో లేదో ఇప్పుడే మెయిన్ ఆపి చూసుకోండి. చాలా ఇళ్ళలో హాలుకే ఇచ్చి వదిలేస్తారు. ఆ ఒక్క గదికి బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే మోటారుది) పెట్టిస్తే మామూలు ఫ్యాను 70, 75 వాట్లు తినేచోట 30 వాట్లలో తిరుగుతుంది, కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ చాలాసేపు వస్తుంది. రాత్రి దీపం వెచ్చటి పసుపు రంగులో, అర వాటుదైనా చాలు. స్విచ్చు మంచం మీద నుంచి అందాలి. గీజరు థర్మోస్టాట్ 50 డిగ్రీలకు తగ్గించండి. బిడ్డ స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి తర్వాత వేడినీళ్ళు కలపాలి, మోచేత్తో చూడాలి.

మల్లెపందిరి

అందరికీ చాలా థాంక్సండీ. మేస్త్రీని ఆపేశాం. పాలిథీన్ ముక్కలు రెండు గోడలకీ అంటించాను.

ఇంకొన్ని సందేహాలు. బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని అమ్మ, నాయనమ్మ ఇద్దరూ పట్టుబడుతున్నారు. వాళ్ళ మనసు కష్టపెట్టకుండా ఎలా? తెనాలిలో కాలవ దగ్గరే ఇల్లు, దోమలు బాగా ఎక్కువ. నాయనమ్మ ఆవాల దిండు కుడతానంటోంది, తల గుండ్రంగా వస్తుందని. ఉయ్యాల మాటకి వస్తే, మియాపూర్‌లో ఆ గదికి ఫాల్స్ సీలింగ్ ఉంది, కొక్కెం ఎలా?

వేపనీడ

మల్లెపందిరి గారూ, ఆ పట్టింపుతో గొడవ పడక్కర్లేదు. బిడ్డ పేరు మీద కొనకపోతే చాలంటారు చాలామంది పెద్దవాళ్ళు. గదికి సున్నం, కిటికీకి మెష్, తల్లికి కుర్చీ, ఇవన్నీ ఇంటి పనులే కదా. బట్టలకు మన ఇళ్ళలో కొత్తవి అవసరమే లేదు. పాత నూలు చీరలు, పంచెలు ఎన్నోసార్లు ఉతికి మెత్తబడినవి పొత్తిగుడ్డలకి అన్నిటికన్నా మంచివి. నాయనమ్మగారికే ఆ పని అప్పగించండి: గజం చదరం ముక్కలు ఓ పది, లంగోటీలకు పాతిక ముప్పై. పసిబిడ్డ రోజుకి పది పన్నెండుసార్లయినా తడుపుతుంది, మే ఎండకి ఆరుతాయి గానీ జులై ముసురులో ఆరవు. జుబ్బాలు ముందు వైపు ముడివేసేవి ఎనిమిది పది చాలు, మూడు నెలలకి పొట్టివైపోతాయి. మెడ దగ్గర పొడుగు దారాలు మాత్రం కత్తిరించేయాలి. దిష్టి తాడు, పూసలు కూడా మెడలో వద్దు. తప్పదంటే ఒంటి మీద ఉండేది మెలకువగా, కళ్ళెదుట ఉన్నప్పుడే. తొట్టి, డ్రై షీట్లు లాంటివి దుకాణంలో ఎంపిక చేసి రాసిపెట్టుకుంటే పుట్టిన రోజే మావయ్య ఎవరో వెళ్ళి తెస్తారు. పరుపు కొలత కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

పాత బట్టల్లో ఒక పెద్ద ప్రమాదం ఉంది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బీరువాలో, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన చీరలు, దుప్పట్లు బిడ్డకి వాడకూడదు. ఆ ఉండల్లోని నాఫ్తలిన్ చర్మం గుండా, వాసన ద్వారా ఒంట్లోకి పోతుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి తీవ్రమైన కామెర్లు వస్తాయి. ఆ లోపం ఉందో లేదో పుట్టిన బిడ్డని పైకి చూస్తే తెలియదు. కాబట్టి గదిలో బీరువా ఉంటే అందులోంచి ఉండలన్నీ ఇప్పుడే తీసేయమనండి, అరలు తుడిపించి కొన్ని వారాలు తలుపులు తెరిచి ఉంచమనండి. బిడ్డ బట్టలకి వేరే శుభ్రమైన డబ్బా పెట్టుకోండి. రోజూ వాడకంలో ఉన్న చీరలే తీసుకోవాలి, వాటినీ రెండుసార్లు జాడించి ఎండలో ఆరేయాలి.

దోమలకి రెండు అడ్డాలు. కిటికీలకి ఫైబర్‌గ్లాస్ మెష్ వెల్క్రోతో అంటించినా సరే, మూలలు సందు లేకుండా ఉండాలి. ఎక్కువమంది కిటికీకి వేసి బాత్రూమ్ వెంటిలేటర్ మర్చిపోతారు, దోమలు అటు నుంచి వస్తాయి. రెండోది పడక మీద దోమతెర. గొడుగు దోమతెర మంచిదే, కానీ దానితో వచ్చే మెత్తటి పరుపూ దిండూ తీసేసి గట్టి పరుపు మీద తెర మాత్రం వాడండి. బిడ్డ చేతులు, కాళ్ళు తెరకి తగలనంత వెడల్పు ఉండాలి, తగిలితే బయటి నుంచే కుడతాయి. బిడ్డ ఉన్న గదిలో కాయిల్ వెలిగించవద్దు. రెండు నెలలు నిండనిదే ఒంటికి దోమల మందు ఏదీ రాయకూడదు. కూలర్ ఉంటే వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది ఎండబెట్టాలి. నీళ్ళు పారబోస్తే సరిపోదు, డెంగీ దోమ గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి.

వార్డుసిస్టర్

ఆవాల దిండు నిద్రలో వద్దని నాయనమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. కుట్టు విడిపోతే ఆవాలు ముక్కులోకి, నోట్లోకి పోతాయి. దిండు ఎత్తుకి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి మూసుకుపోతుంది. తల గుండ్రంగా రావడానికి దారి వేరే ఉంది: ఒక నిద్రకి తల కుడికి, మరో నిద్రకి ఎడమకి తిప్పి వెల్లకిలా పడుకోబెట్టాలి. పడకలో తలవైపు, కాళ్ళవైపు మారుస్తూ ఉండాలి, ఎందుకంటే బిడ్డ ఎప్పుడూ వెలుతురు వైపే చూస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా వేసి పక్కనే కూర్చోవాలి. తల ఎప్పుడూ ఒకే వైపు తిరిగి ఉంటే, మెడ రెండో వైపు తిరగకపోతే, డాక్టరుకి చూపించాలి.

చీర ఉయ్యాల కూడా అంతే. బిడ్డ అందులో అర్ధచంద్రంలా వంగుతుంది. బారసాల రోజు ఉయ్యాలలో వేయండి, మెలకువగా ఉన్నప్పుడు పక్కనుండి ఊపండి. నిద్రపోయాక తీసి సమంగా ఉన్న పడక మీద వెల్లకిలా వేయండి.

తిరుగు ప్రయాణం గురించి ఒక సూచన. టీకాలు 6, 10, 14 వారాలకి ఉంటాయి. మే 5 నుంచి లెక్కేస్తే 14 వారాలు ఆగస్టు రెండో వారానికి వస్తాయి. ఆ టీకా తెనాలిలోనే వేయించుకుని, రెండుమూడు రోజులాగి బయల్దేరితే హాయి. మియాపూర్ గది అప్పటికి సిద్ధంగా ఉంటే చాలు.

గోడసంగతి

కొక్కెం సంగతి. ఫాల్స్ సీలింగ్ జిప్సమ్ బోర్డుకి గానీ, దాని రేకు ఫ్రేముకి గానీ ఉయ్యాల బరువు వేలాడదీయకూడదు. బోర్డులో రంధ్రం చేసి పైన అసలు స్లాబులోకి వెళ్ళాలి. 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్, మూసి ఉన్న రింగు, అక్కడి నుంచి బోర్డు కిందికి దిగే గొలుసు. డ్రిల్లు వేసేముందు ఫాల్స్ సీలింగ్ లోపల వైర్లు ఎటు పోతున్నాయో కరెంటు పనివాడితో చూపించుకోండి. ఫ్యాను ఉన్న కొక్కేనికే ఉయ్యాల కూడా తగిలించే పని ఎంతమాత్రం వద్దు. ఉయ్యాల ఊగే వృత్తం కిటికీకి, కర్టెన్ తాడుకి, ఫ్యాను రెక్కలకి దూరంగా ఉండాలి. బిగించాక పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు కట్టి రాత్రంతా వేలాడదీయండి, మర్నాడు రింగు దగ్గర కదలిక గానీ పగులు గానీ ఉంటే అది పనికిరాదు.

మీది ఆఖరి అంతస్తు, ఆ స్లాబు మీదే టెర్రస్. కన్నం లోతు ఎక్కువైతే పైన వాటర్‌ప్రూఫింగ్ పాడై నీరు కారుతుంది. ఫాస్టెనర్ పొడవు చూసుకుని డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోమనండి. నన్నడిగితే అంత శ్రమకన్నా నాలుగు కాళ్ళ స్టాండు ఉయ్యాల నయం.

పాలిథీన్ కింద ఏం కనిపించిందో రెండు రోజులయ్యాక ఇక్కడ రాయండి, ఏ గోడకి ఎటు వైపు చుక్కలు పట్టాయో చెప్పండి. దాన్నిబట్టి ప్లంబరా, బయటి గోడ పనివాళ్ళా అన్నది చెప్తాను.